బాగుండు – బాగుండేది

‘ఐ విష్ ఐ వర్ ఎ బర్డ్’ అనే వాక్యం పదో తరగతి దాటిన తెలుగు విద్యార్థుల్లో చాలామందికి కంఠతా వచ్చు. ‘ఐ’ తరవాత ‘వాజ్’ రావాలి గదా, ‘వర్’ ఎందుకొచ్చిందయ్యా అని అడిగితే మాత్రం ‘రూలు అంతే’ అంటారు. మొన్నమొన్నటి దాకా నేనూ ఆ బాపతే. పక్షినైతే బాగుండునని నేను ఏనాడూ కోరుకోలేదు గనక, ఆ రూలుతో నాకు పనేమిటని రెండు మార్కుల ప్రశ్నగా చదివి, ఆ రెండు మార్కులూ తెచ్చుకుని వదిలేశాను.

ఆ రెండు మార్కుల సంగతి మా ఇంటి గడపదాకా వచ్చి నిలబడుతుందని అప్పుడు తెలియదు. తెలిసి ఉంటే బాగుండేది. ఈ చివరి వాక్యాన్ని ఇంగ్లీషులో సరిగ్గా ఎలా చెప్పాలో, అలా చెప్పడం ఎందుకు ముఖ్యమో రాయడానికే ఈ వ్యాసం. రసాయనశాస్త్రం చదివేవాడికి వ్యాకరణంతో ఏం పని అని మా లెక్చరర్లు అనుకోకుందురు గాక!

నేను గది తీసుకుని ఉంటున్నది టోలిచౌకిలో. ఒక పక్కకు పోతే గోల్కొండ కోట, కుతుబ్‌షాహీ సమాధులు. ఇంకో పక్కకు షేక్‌పేట మీదుగా ఎక్కితే ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్. మా వీధిలో ఉదయం లేస్తే ఉర్దూ వినిపిస్తుంది, మధ్యాహ్నం తెలుగు వినిపిస్తుంది, రాత్రి చాయ్ హోటల్ ముందు అరబ్బీ, సోమాలీ కూడా వినిపిస్తాయి. యెమెన్, సోమాలియా, సూడాన్ దేశాల నుంచి చదువుకోవడానికి వచ్చినవాళ్లు చాలామంది ఇక్కడే గదులు తీసుకుని ఉంటారు. ఇన్ని భాషలవాళ్లం ఒకరితో ఒకరం మాట్లాడుకోవాలంటే ఇంగ్లీషే దిక్కు. అంచేత మా పేటలో ఇంగ్లీషు హోదా కోసం మాట్లాడే భాష కాదు, అవసరానికి మాట్లాడే భాష.

ఫిల్మ్‌నగర్ వైపు నడిచిపోతుంటే దారిపొడుగునా ఫ్లెక్సీలు. ‘విష్ యూ హ్యాపీ బర్త్‌డే’ అని హీరోగారి నిలువెత్తు బొమ్మ కింద రాసి ఉంటుంది. ‘హ్యాపీ’కి ముందు ఉండాల్సిన ‘ఎ’ ఎక్కడో జారిపోయింది. పోనివ్వండి, దానివల్ల ఎవరికీ నష్టం లేదు. సినిమా ఫంక్షన్లలో అతిథులు మైకు అందుకుని ‘ఐ విష్ దిస్ మూవీ విల్ బికమ్ ఎ బిగ్ హిట్’ అంటారు. చప్పట్లు కొట్టేవాళ్లు కొడతారు. ఆ వాక్యమూ తప్పే. ‘విష్’ తీసేసి ‘హోప్’ పెడితే సరిపోతుంది. ఇక్కడా ఎవరికీ నష్టం లేదు. సినిమా ఆడేదుంటే వ్యాకరణం అడ్డం రాదు, ఆడనిదాన్ని వ్యాకరణం ఆడించదు.

అయితే నష్టం ఎక్కడ? అది చెప్పేముందు అసలు విషయం కొంచెం విప్పి చూడాలి.

ఇంగ్లీషు వ్యాకరణంలో దీన్ని సబ్‌జంక్టివ్ మూడ్ అంటారు. ఈ ‘మూడ్’ మనం ‘ఇవాళ మూడ్ బాగాలేదు’ అనే మూడ్ కాదు. ‘మోడ్’ అనే మాటకు రూపాంతరం, అంటే పద్ధతి. చెప్పేవాడు ఒక సంగతిని జరిగిందిగా చెబుతున్నాడా, జరగమని ఆజ్ఞాపిస్తున్నాడా, లేక జరగనిదాన్ని మనసులో ఊహించుకుని చెబుతున్నాడా అన్నది క్రియ రూపం చూసి తెలుసుకునే పద్ధతి. ఒకప్పటి ఇంగ్లీషులో ఈ ఊహకూ కోరికకూ క్రియలకు వేరే రూపాలు ఉండేవి. శతాబ్దాల వాడకంలో ఆ తోకలు అరిగిపోయాయి. ‘బి’ అనే క్రియకు మాత్రం భూతకాలంలో ‘వాజ్’, ‘వర్’ అని రెండు రూపాలు మిగిలాయి గనక, ‘ఐ విష్ ఐ వర్’ అన్నచోట పాత గోడ తాలూకు ఒక రాయి ఇంకా కనబడుతున్నది.

పాతబడినదైనా, ఇది మనకు కొత్తది కాదు. మన యూనియన్ ఊరేగింపుల్లో ‘లాంగ్ లివ్ స్టూడెంట్స్ యూనిటీ’ అని గొంతు పగిలేలా అరిచే మిత్రుల్లో ఎందరికి తెలుసో గాని, వాళ్లు అరిచేది అచ్చమైన సబ్‌జంక్టివ్. ఐక్యత ఉన్నదని చెప్పేట్టయితే ‘లివ్స్’ అనాలి. ఉండాలని కోరుతున్నాం గనక ‘లివ్’ అంటున్నాం. తెలుగులో ‘వర్ధిల్లాలి’ అంటాం. మన పెద్దలు ‘వర్ధిల్లు గాక’ అనేవారు. బడిలో తెలుగు మాస్టారు ఆశీరర్థక వాక్యమని చెప్పింది దీన్నే. కాబట్టి ఉన్నదానికీ ఉండాలని కోరేదానికీ క్రియ వేరుగా ఉండాలన్న జ్ఞానం ఇంగ్లీషువాళ్ల సొత్తేమీ కాదు.

ఇక ‘విష్’ సంగతి. మాది జగిత్యాల జిల్లాలో వ్యవసాయ కుటుంబం. వానతోనే చెబుతాను, నాకు అదే సులువు.

జూన్ మొదటివారం. మృగశిర కార్తె రాబోతున్నది. పడమట మబ్బు పట్టింది. మా బాపు ఆకాశం వంక చూసి ‘ఈ వారం వాన పడాలె’ అంటాడు. పడుతుందని ఆశ ఉంది, కాదనడానికి కారణమేమీ లేదు. ఇంగ్లీషులో ‘ఐ హోప్ ఇట్ రెయిన్స్’. క్రియ మామూలు వర్తమానంలో ఉంది. తలుపు తెరిచే ఉంది.

కార్తె వచ్చి పదిరోజులైంది. పత్తి గింజ మట్టిలో ఉంది. ఆకాశం వెల్లగా మెరుస్తున్నది. అప్పుడు ‘ఒక్క వాన పడితే మంచిగుండు’ అంటాడు. పడే జాడ లేదని ఆయనకు తెలుసు, అయినా కోరిక చావలేదు. ఇంగ్లీషులో ‘ఐ విష్ ఇట్ వుడ్ రెయిన్’. తలుపు దగ్గరికి వేసి ఉంది.

జులై వచ్చింది. గింజ మాడిపోయింది. మళ్లీ విత్తనాలు కొనాలి, మళ్లీ అప్పు చెయ్యాలి. అప్పుడు ‘మొన్న ఒక్క వాన పడితే మంచిగుంటుండె’ అంటాడు. ఇంగ్లీషులో ‘ఐ విష్ ఇట్ హ్యాడ్ రెయిన్డ్’. తలుపు మూసి గొళ్లెం పెట్టేశారు. ఇప్పుడు కుండపోతగా కురిసినా ఆ గింజ మొలవదు.

ఇక నాలుగోది కూడా ఉంది. పక్క చేనువాళ్ల మోటారు చప్పుడు వింటూ ‘మనకూ ఒక బోరుంటే మంచిగుండు’ అంటాడు. ఇది నిన్నటి మాట కాదు, ఇవాళ్టి లేమి. అయినా ఇంగ్లీషులో ‘ఐ విష్ వి హ్యాడ్ ఎ బోర్‌వెల్’ అని భూతకాల రూపమే వాడాలి. మనవాళ్లు బోల్తాపడేది ఇక్కడే. ఇవాళ్టి సంగతికి నిన్నటి క్రియ ఎందుకు? ఎందుకంటే ఆ ‘హ్యాడ్’ కాలాన్ని చెప్పడం లేదు, దూరాన్ని చెబుతున్నది. ఉన్నదానికి ఎంత దూరంలో నిలబడి కోరుకుంటున్నామో చెబుతున్నది. ఇవాళ లేనిదాన్ని కోరితే క్రియ ఒక మెట్టు వెనక్కి పోతుంది: ‘హ్యావ్’ కాస్తా ‘హ్యాడ్’ అవుతుంది, ‘నో’ కాస్తా ‘న్యూ’ అవుతుంది, ‘కెన్’ కాస్తా ‘కుడ్’ అవుతుంది, ‘ఆమ్’ కాస్తా ‘వర్’ అవుతుంది. నిన్న జరగనిదాన్ని కోరితే ఇంకో మెట్టు వెనక్కి పోయి ‘హ్యాడ్ నోన్’, ‘హ్యాడ్ బీన్’ అవుతుంది. రూలంతా ఇంతే. మెట్లు లెక్కపెట్టడం వస్తే చాలు.

ఇప్పుడు మా బాపు మాటలు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ‘పడితే మంచిగుండు’, ‘పడితే మంచిగుంటుండె’. రెండింట్లోనూ ‘పడితే’ అన్నది మారలేదు. మన వ్యాకరణంలో చేదర్థకం అని చదువుకున్నామే, అది కదలకుండా అక్కడే ఉంది. మారిందల్లా వాక్యం చివర. పుస్తక భాషలో అయితే ‘బాగుండు’, ‘బాగుండేది’. ఇంగ్లీషులో సరిగ్గా తలకిందులు. ‘ఐ విష్’ కదలదు, దాని తరవాత వచ్చే క్రియ మారుతుంది. మన బరువు వాక్యం కొసన ఉంటుంది, వాళ్ల బరువు మధ్యలో ఉంటుంది. తెలుగు పిల్లవాడికి ఈ భేదం తెలియక కాదు, ఎక్కడ చూడాలో తెలియక తప్పు రాస్తున్నాడు. ఈ ఒక్క ముక్క నాకు బళ్లో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఇంకో చిక్కు కూడా ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. మన ‘బాగుండు’ చాలా విశాలమైనది. రేపు బస్సులో దిగబోయే మనిషి గురించీ ‘వస్తే బాగుండు’ అంటాం, ఎన్నటికీ రాని మనిషి గురించీ ‘వస్తే బాగుండు’ అంటాం. వినేవాడు మన గొంతును బట్టి, సందర్భాన్ని బట్టి గ్రహిస్తాడు. ఇంగ్లీషు కాగితం మీద గొంతు వినపడదు. అక్కడ ‘హోప్’ రాయాలో ‘విష్’ రాయాలో రాసేవాడే తేల్చుకోవాలి. తేల్చుకోకుండా రాస్తే, చదివేవాడు తనకు తోచినట్టు తేల్చుకుంటాడు.

అలా తేల్చుకున్న సంగతే ఇప్పుడు చెబుతున్నాను.

మా పెద్దబాపు కొడుకు, నాకు అన్న అవుతాడు, గల్ఫ్‌లో ఒక కంపెనీలో పనిచేస్తున్నాడు. మా జిల్లాలో అలా వెళ్లనివాళ్ల ఇల్లు వెతకాలి. రెండేళ్ల కింద మా నాయినమ్మ మంచం పట్టింది. మాట పడిపోలేదు గాని మనిషి కరిగిపోతున్నది. నేను సెలవుకు ఊరికి పోయినప్పుడు నా చెయ్యి పట్టుకుని ‘పెద్దోడొస్తే మంచిగుండు, బిడ్డా’ అన్నది. అన్నను పెంచింది ఆమే. ఇంట్లో ఇంగ్లీషు రాయగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే గనక, కంపెనీవాళ్లకు ఈ-మెయిల్ రాసే బాధ్యత నా మీద పడింది.

ఎంతో శ్రద్ధగా రాశాను. అప్పటికి కొన్నాళ్లుగా ఒక చోట స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకుంటున్నాను. ‘విష్ తరవాత ఎప్పుడూ పాస్ట్ వెయ్యాలి, అది మర్యాద’ అని అక్కడ బోర్డు మీద రాసి చెప్పారు. ఆ మర్యాదనే పాటించాను. ‘అవర్ గ్రాండ్‌మదర్ వాజ్ సీరియస్‌లీ ఇల్’ అన్నాను, జబ్బు వారం కిందట మొదలైంది గదా అని. ‘వి విష్ హి హ్యాడ్ కమ్ టు సీ హర్’ అన్నాను, ఒక పాస్ట్ కన్నా రెండు పాస్టులైతే మర్యాద ఇంకా ఎక్కువని. పంపేముందు మూడుసార్లు చదువుకుని మురిసిపోయాను కూడా.

మూడో రోజు జవాబు వచ్చింది. మీ కుటుంబానికి కలిగిన నష్టానికి సంతాపం తెలుపుతున్నామని, మీ అన్నగారు తన వార్షిక సెలవుల్లో వచ్చి కుటుంబాన్ని కలుసుకోవచ్చునని రెండు ముక్కలు. నాకు అర్థం కాలేదు. సంతాపమెందుకు? మా పక్క గదిలో ఉండే యెమెన్ విద్యార్థికి నేను రాసింది చూపించాను. చదివి, నా భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా అడిగాడు: ‘ఆమె ఎప్పుడు పోయింది?’

నాయినమ్మ ‘మంచిగుండు’ అన్నది. నేను ‘మంచిగుంటుండె’ అని రాశాను. తెరిచి ఉన్న తలుపుకు నా చేతులతో నేనే గొళ్లెం పెట్టాను.

ఆ రాత్రే ఇద్దరం కూర్చుని ఇంకో ఉత్తరం రాశాం. ‘షి ఈజ్ సీరియస్‌లీ ఇల్’ అని మొదలుపెట్టాం. ‘షి హోప్స్ టు సీ హిమ్’ అన్నాం. చివర ‘వి రిక్వెస్ట్ దట్ హి బి గ్రాంటెడ్ లీవ్’ అని ముగించాం. ఆ ‘బి’ కూడా సబ్‌జంక్టివే, విన్నపాల్లో వాడేది. ‘ఈజ్’ కాదు, ‘వాజ్’ కాదు, ఉత్త ‘బి’. ఆ వారంలోనే సెలవు మంజూరైంది. అన్న బయలుదేరాడు.

ఆయన దిగేసరికి రెండు రోజులు ఆలస్యమైపోయింది. గడపలో నిలబడి ‘అప్పుడే వస్తే మంచిగుంటుండె’ అన్నాడు. నేను మొదట రాసిన వాక్యం ఆ రోజుకు వ్యాకరణరీత్యా సరైందైపోయింది.

అంతా ఆ ఒక్క ‘హ్యాడ్’ వల్లనే జరిగిందని నేను అనను. మొదటి ఉత్తరమే సరిగ్గా ఉన్నా వాళ్లు సెలవు ఆలస్యంగా ఇచ్చేవారేమో, విమానం టికెట్టు దొరికేది కాదేమో. అక్కడివాళ్లను తప్పుపట్టను. నేను రాసిందాన్ని వాళ్లు సరిగ్గానే చదివారు. పోయిన ఆ మూడు రోజులు మాత్రం నా లెక్కలోవే. మా అన్న నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడం వల్లనే ఈ వ్యాసం రాస్తున్నానేమో.

ఈ పాఠం తరవాత ఊరకే ఉండలేక నలుగురినీ అడగడం మొదలుపెట్టాను. మా వీధి చాయ్ హోటల్లోనే నాకు మంచి వ్యాకరణం క్లాసు జరిగింది. ఉర్దూ మాట్లాడే మిత్రుడు చెప్పాడు: వాళ్లకు ‘కాశ్’ అని ఒక మాట ఉంది. ‘కాశ్ వో ఆతా’ అంటే వస్తే బాగుండు. ‘కాశ్ వో ఆయా హోతా’ అంటే వచ్చి ఉంటే బాగుండేది. ‘కాశ్’ కదలలేదు, దాని తరవాతి క్రియ మెట్టు దిగింది. అచ్చం ఇంగ్లీషు ‘విష్’ లాగే. హైదరాబాదులో పుట్టి ఈ రెండూ నాలుక మీద ఉన్నవాడికి సబ్‌జంక్టివ్ నేర్పడానికి నల్లబల్ల కూడా అక్కర్లేదు. యెమెన్ మిత్రుడు ఇంకో విశేషం చెప్పాడు. అరబ్బీలో అందని కోరికకు ‘లైత’ అనీ, అందే అవకాశం ఉన్న ఆశకు ‘లఅల్ల’ అనీ రెండు వేరువేరు మాటలున్నాయట. ఆ వ్యాకరణ పండితులు ఈ రెంటికీ వేరే పేర్లు కూడా పెట్టారట. అందుకే ఆయన నా ఉత్తరం చూడగానే అది ఏ తలుపో పోల్చుకున్నాడు.

దీన్నిబట్టి నాకు తోచిందేమిటంటే, ఆశకూ విచారానికీ మధ్య గీత గీయకుండా ఏ జాతీ బతకలేదు. ఆ గీత ఎక్కడ గీశారన్నదే భాషకూ భాషకూ తేడా. సైన్సులో కూడా ఈ గీత లేకపోతే మనకు పూట గడవదు. ‘ఇఫ్ దేర్ వర్ నో ఫ్రిక్షన్’ అంటుంది భౌతికశాస్త్రం. ఘర్షణ లేని బల్ల ఈ భూమ్మీద ఎక్కడా లేదు. ఆదర్శ వాయువు ఏ సీసాలోనూ లేదు. లేదని ఒప్పుకుంటూనే, ఉంటే ఎలా ఉంటుందో లెక్క కట్టడం శాస్త్రం. ఆ ఒప్పుకోలు ‘వర్’ అనే చిన్న మాటలో ఉంది. ప్రయోగశాలలో రోజూ వాడుతూ దాన్ని గమనించకపోవడం మన పొరపాటు.

ఇక్కడ కొందరు పెద్దలు ఒక ఆక్షేపణ చెప్పవచ్చు. ఇంగ్లీషువాళ్లే ఈ సబ్‌జంక్టివ్‌ను వదిలేస్తుంటే మనం దాన్ని పట్టుకుని వేలాడటం ఎందుకని. నిజమే. ఫౌలర్ అనే పండితుడు 1926లో వెలువడిన తన ప్రసిద్ధ గ్రంథంలోనే, కొన్ని సందర్భాల్లో తప్ప ఇది అవసానదశలో ఉన్నదని రాశాడు. 2002లో హడిల్‌స్టన్, పుల్లమ్‌ల సంపాదకత్వంలో కేంబ్రిడ్జి ప్రచురించిన బృహద్వ్యాకరణం అయితే ‘ఐ విష్ ఐ వర్’లోని ‘వర్’ను సబ్‌జంక్టివ్ అనే పిలవలేదు, అవాస్తవాన్ని చెప్పే ‘వర్’ అని వేరే పేరు పెట్టింది. ‘ఐ విష్ ఐ వాజ్’ అనడం కూడా మూడు వందల ఏళ్లకు పైగా వాడుకలో ఉన్నదే. మాట్లాడేటప్పుడు ఎవరైనా ‘వాజ్’ అంటే నవ్వవలసిన పనిలేదు. పరీక్ష పేపర్లోనూ దరఖాస్తులోనూ ‘వర్’ రాయండి, స్నేహితుడితో ఏదైనా అనండి.

కాని ‘వాజ్’కూ ‘వర్’కూ ఉన్న తేడా వేరు, ‘కమ్స్’కూ ‘హ్యాడ్ కమ్’కూ ఉన్న తేడా వేరు. మొదటిది చొక్కా గుండీ లాంటిది, పెట్టుకున్నా పెట్టుకోకపోయినా చొక్కా చొక్కాయే. రెండోది అర్థాన్నే మార్చేస్తుంది. మనం చేస్తున్నదేమిటంటే, గుండీ పెట్టుకోనివాణ్ణి చూసి క్లాసంతా నవ్వుతున్నాం, చొక్కా తిరగేసి తొడుక్కున్నవాణ్ణి గమనించడం లేదు. ‘ఐ విష్ ఐ విల్ పాస్’ అని రాసినవాడికి ఎర్ర సిరా గీత పడుతుంది గాని, నువ్వు చెప్పదలచింది ఆశా విచారమా అని అడిగేవారు లేరు. ‘ఐ విష్ ఐ వుడ్ హ్యావ్ నోన్’ అని రాస్తే ‘హ్యాడ్ నోన్’ అని దిద్ది వదిలేస్తున్నారు గాని, రెండు మెట్లు ఎందుకు దిగాలో చెప్పడం లేదు.

ఇంకొందరు మిత్రులు మరో విధంగా ఆక్షేపిస్తారు. మన భాష మనకుండగా పరాయి భాష మెళకువల కోసం ఇంత తపన బానిసత్వం కాదా అని. 1918లో ఉర్దూ బోధనాభాషగా ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టిన నగరం ఇది. దేశభాషలో ఉన్నత విద్య సాధ్యమేనని దేశానికి చూపించిన చోట ఆ ప్రశ్న అడగవలసిందే. నా జవాబు ఒక్కటే: అన్నకు సెలవు ఇవ్వవలసినవాడికి తెలుగు రాదు. మన గోడు ఎవరికి వినిపించాలో వాళ్ల భాష మన చేతిలో ఉంటే అది బానిసత్వం కాదు, పనిముట్టు. నాగలి పట్టడం చేతకానివాడు భూమిని తిట్టి ప్రయోజనం లేదు.

పైగా నేను అడుగుతున్నది ఇంగ్లీషును తెలుగు లేకుండా నేర్పమని కాదు. సరిగ్గా దానికి విరుద్ధం. ఇంగ్లీషు క్లాసులో తెలుగు మాట వినబడితే జరిమానా వేసే బళ్లు ఉన్నాయని అందరికీ తెలుసు. ఆ బళ్లలో చదివిన పిల్లవాడు తనదగ్గర అప్పటికే ఉన్న ‘బాగుండు – బాగుండేది’ అనే తాళంచెవిని గుమ్మం బయట వదిలేసి, లోపల తలుపులు బాదుతుంటాడు. ఇంగ్లీషు ఉపాధ్యాయుల శిక్షణ కోసం 1958లో మన హైదరాబాదులోనే ఒక కేంద్ర సంస్థ వెలిసింది. 1972లో విదేశీ భాషలను కూడా పేరులో చేర్చుకుని, 2007లో ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయమైంది. ఇంత దగ్గర ఇంత విద్య ఉండి కూడా ఊళ్లలో పిల్లలు ఇంకా ‘రూలు అంతే’ అంటున్నారంటే, తార్నాకకూ మా ఊరి బడికీ మధ్య దారి ఇంకా పూర్తిగా పడలేదన్నమాట.

విమర్శించి ఊరుకోవడం సులువు. అంచేత నాకు తోచిన రెండు సూచనలు చెప్పి ముగిస్తాను.

మొదటిది మా ఇంగ్లీషు లెక్చరర్లకు మనవి. ‘విష్’ పాఠం చెప్పే రోజున పక్షి ఉదాహరణ పక్కన పెట్టండి. క్లాసులో ప్రతివాణ్ణీ తన ఇంటి భాషలో మూడు వాక్యాలు చెప్పమనండి: ఒక ఆశ, ఒక లేమి, ఒక విచారం. రైతుబిడ్డ వాన గురించి చెబుతాడు, బస్తీ పిల్లవాడు నల్లా నీళ్ల గురించి చెబుతాడు. తరవాత వాటిని ఇంగ్లీషులో పెట్టమనండి. ‘హోప్’ ఎక్కడో, ‘వుడ్’ ఎక్కడో, ‘హ్యాడ్’ ఎక్కడో వాళ్లంతట వాళ్లే పట్టుకుంటారు. ఒక్క గంట చాలు. ఆ గంటలో తెలుగో ఉర్దూయో మాట్లాడినందుకు ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు.

రెండోది మన విద్యార్థి సంఘానికి. యూనియన్ గదిలో క్యారమ్స్ బల్ల ఉంది, మంచిదే. దాని పక్కన ఉత్తరాల బల్ల కూడా ఒకటి వెయ్యండి. మన కళాశాలలో చాలామందిమి మా ఇళ్లలో మొదటిసారి ఇంగ్లీషు చదివినవాళ్లం. బ్యాంకుకు, ఆసుపత్రికి, దూరదేశంలో ఉన్నవాళ్ల కంపెనీకి ఇంటిల్లిపాది తరఫున రాసేది మేమే. రాసినదాన్ని పంపేముందు ఇంకో మనిషి చదవాలి. చదివి ‘ఇది అయిపోయిన సంగతా, కావలసిన సంగతా’ అని ఒక్క ప్రశ్న అడగాలి. వారానికి రెండు సాయంకాలాలు సీనియర్ విద్యార్థులు అక్కడ కూర్చుంటే చాలు. ఖర్చు ఏమీ లేదు. సంఘం ఒప్పుకుంటే మొదటి సాయంకాలం నేనే కూర్చుంటాను. టోలిచౌకి నుంచి బస్సు ఆలస్యమైనా సరే, వస్తాను.

రెండు మార్కుల ప్రశ్న అని నేను వదిలేసినదాన్ని నా తరవాతివాళ్లు వదిలెయ్యకపోతే అంతే చాలు. నాయినమ్మ విషయంలో నేను రాయగలిగిన వాక్యం ఇక ఒక్కటే: ‘ఐ విష్ ఐ హ్యాడ్ నోన్.’ దానికి ఇప్పుడు ఎవరూ ఎర్రగీత పెట్టలేరు. మీ ఇళ్లలో మాత్రం ఇంకా ‘హోప్’ అని రాయడానికి వీలున్న ఉత్తరాలు ఉండే ఉంటాయి. వాటిని సరిగ్గా రాయండి, ఇవాళే రాయండి.

– బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి